నేను నోరు నొక్కిన ఫోన్లు

నలభై మూడు ఫోన్ల నోరు నేను నొక్కాను. ఎవరో చేసిన పని కాదు, యంత్రం చేసిన పొరపాటూ కాదు. ఈ కుడిచేతి బొటనవేలితో, కళ్ళద్దాలు సవరించుకుంటూ, ఒక్కొక్కటీ నేనే నొక్కాను. వాటిలో మొట్టమొదటిది నా చెల్లెలిది. దాని వల్ల ఆమె ప్రాణం మీదికి వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు పక్కన ఫోన్ల గది ఉంది. అందులో కూర్చోవడం నా పని. లోపల డ్రమ్ముల్లో ఉండే ద్రవాలు అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు, కాబట్టి ఫోన్ లోపలికి పోకూడదు. షిఫ్టుకు వచ్చినవాళ్ళు నా కిటికీలో ఫోన్ పెడతారు. నేను ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తాను. బిళ్ళ మీద ఏ అంకె ఉంటే గోడకున్న చెక్క అర మీద అదే అంకె. పోయేటప్పుడు బిళ్ళ ఇచ్చి ఫోన్ తీసుకుంటారు. ఈ పారిశ్రామిక వాడలో ఏ గేటు దగ్గర చూసినా ఇదే పద్ధతి. స్విచ్చాఫ్ చేసి ఇవ్వాలని గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది. ఎవరూ చేయరు. సైలెంట్‌లో పెట్టి ఇస్తారు.

సైలెంట్ అంటే చప్పుడే ఉండదనుకుంటారు బయటివాళ్ళు. ఎనిమిది గంటలు వాటి మధ్య కూర్చుని చూడాలి. ఏదో ఒక అరలో, చెక్క మీద పురుగు గీరినట్టు మొదలవుతుంది. చీకటి అరలో వెలుగు పుడుతుంది. ‘అమ్మ’ అని కనబడుతుంది, లేదా ‘ఇల్లు’ అని, లేదా నాకు చదవరాని ఒడియా అక్షరాల్లో ఏదో. కాసేపు కొట్టుకుని ఆరిపోతుంది. మళ్ళీ అదే పేరు వెలుగుతుంది. ఎత్తవలసిన మనిషి గోడ అవతల ముఖానికి ముసుగు వేసుకుని ఉంటాడు. నేను ఎత్తకూడదు. మొదటి ఏడాది నాకు భయమయ్యేది, పిలుస్తున్నవాళ్ళందరూ ఆ అరల్లోంచి నన్నే చూస్తున్నట్టు. తరువాత అలవాటు పడ్డానని రాయాలి గానీ, పడలేదు.

బడికి నేను పోయింది రెండో తరగతి వరకే. తెలుగు బస్సుల బోర్డుల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు డ్రమ్ముల మీద. ముప్పై ఏళ్ళు డ్రమ్ముల యార్డులో పనిచేశాను. పుర్రె బొమ్మ కింద ఏం రాసి ఉందో కూడబలుక్కోలేనివాడు ఆ పనిలో ఎక్కువ కాలం మిగలడు. ఒకసారి డిగ్రీ చదివి కొత్తగా వచ్చిన ఆఫీసరు, పక్కపక్కన ఉండకూడని రెండు రకాల డ్రమ్ములను ఒకే వరుసలో పెట్టించబోతే చేయి పట్టుకుని ఆపాను. “నువ్వేం చదువుకున్నవ్, నాకు చెప్పనీకి?” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. నాకు తెలుసు అని చూపించుకోవాలనే యావ నాకు అక్కడే అంటుకుంది. తరువాత జరిగినదానిలో సగం పాపం ఆ యావదే.

ఇంకో సంగతి చెప్పాలి. నా అరల్లో పడుకునే ఫోన్లలో ఎక్కువ భాగం అబద్ధాలు. గేటుకు ఒక పాత డబ్బా ఫోన్ ఇస్తారు, అసలు టచ్ ఫోన్ మేజోడులోనో, టిఫిన్ డబ్బా కిందో దాచుకుని లోపలికి పోతారు. ఆ డబ్బా ఫోన్లలో కొన్నింటికి సిమ్ కూడా ఉండదు. “గేటుకు డబ్బా, లోపలికి టచ్” అని వాళ్ళలో వాళ్ళకు నవ్వులాట. నాకు తెలుసు. తెలిసీ బిళ్ళ ఇచ్చేవాణ్ణి. ఊరు విడిచి అంత దూరం వచ్చినవాడికి ఇంటినుంచి ఫోన్ వస్తే ఎనిమిది గంటలు ఎత్తకూడదనడం నాకూ అన్యాయంగానే అనిపించేది. అది అన్యాయమే. కానీ నిప్పురవ్వకు న్యాయం తెలియదు, అదీ నిజమే. ఈ రెంటి మధ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

మొదటి పరీక్ష ఒక మధ్యాహ్నం వచ్చింది. అన్నం తిని గోడకు ఆనుకున్నాను. ముందు ఒక అర అరిచింది. అది రింగు కాదు. ఇనుప రేకును రంపంతో కోస్తున్నట్టు, ఆగి ఆగి, అదే పనిగా. లేచి చూసేలోగా ఇంకొకటి, ఇంకా కొన్ని. అన్నీ సైలెంట్‌లో ఉన్నవే. వణుకుతూ వణుకుతూ అరల అంచులకు నడిచి వచ్చాయి. రెండు కింద పడ్డాయి, పడి కూడా అరుస్తున్నాయి. తరువాత వాటిలోంచి ఒక ఆడగొంతు మాట్లాడటం మొదలుపెట్టింది. ఊపిరి తీసుకోని గొంతు. ఒక ఫోన్లో వాక్యం మొదలవుతుంటే ఇంకొక ఫోన్లో సగానికి వచ్చేది. సర్కారు పంపే ప్రమాద హెచ్చరికలు అందుతున్నాయో లేదో చూడటానికి ఇది పరీక్ష అనీ, ఎవరూ ఏమీ చేయనక్కర్లేదనీ దాని సారాంశం.

నూటయాభై ఫోన్లు ఉన్న గదిలో అరిచినవి ఇరవై లోపే. మిగిలినవి చచ్చినట్టు పడి ఉన్నాయి. అరుపుల కంటే నాకు వాటి మౌనానికే ఎక్కువ భయం వేసింది. అప్పుడు గోడ అవతలి నుంచి జవాబు వచ్చింది. ఒక్క ఫోన్ కూడా ఉండకూడని చోటి నుంచి, పైపుల మధ్య నుంచి, మెట్ల కింద నుంచి, ఎవరెవరి బట్టల్లోంచో అదే కోత, అదే ఆడగొంతు. దాక్కున్నవాళ్ళందరినీ ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు.

ఆ సాయంత్రం ఇద్దరిని గేటు బయట నిలబెట్టారు. వాళ్ళు మళ్ళీ లోపలికి రాలేదు.

నా చెల్లెలు పనిచేసేది మా పక్క ఫ్యాక్టరీలో, ఖాళీ సీసాలు సర్ది అట్టపెట్టెల్లో పెట్టే షెడ్డులో. పొద్దున ఆరు నుంచి రెండు వరకు షిఫ్టు. వాళ్ళకూ గేటు దగ్గర ఫోన్ల గది ఉంది, ఆమెకూ ఒక డబ్బా, ఒక టచ్ ఉన్నాయి. మా గోడల పక్కన పారే వాగు అవతల ఆమె ఇల్లు. అరవై దాటిన మనిషి, నోరు మాత్రం ఇరవైది. ఆ రోజు షిఫ్టు దిగి సరాసరి నా కిటికీ దగ్గరికి వచ్చింది, టిఫిన్ సంచి చంకలో పెట్టుకుని.

“అన్నా, నీ సర్కారు ఫోన్ల దయ్యాలను పెట్టిందా ఏంది?”

“ఏమైంది?”

“ఏమైతది! రొట్టెల కింద పెట్టిన. సీసాలు సర్దుతుంటే సంచిలకెల్లి మొత్తుకునుడు శురూ జేసింది. సూపర్వైజర్ వచ్చి అందరి ముంగట సంచి ఇడిపిచ్చిండు. రొట్టె గూడ మాట్లాడుతున్నదా అమ్మా అన్నడు. షెడ్డు షెడ్డంత నవ్విన్రు.”

“నవ్వి ఊకుంటే మంచిదే గద.”

“ఊకోలే. ఇంకోపారి ఒర్లితే గేటు బయటనే అన్నడు. నువ్వు పెద్ద సదువుకున్నోని లెక్క జేస్తవ్ గద, దీని గొంతు పిసుకు.”

నాకు ఆ పని అప్పటికి రాదు. నాదీ డబ్బా ఫోనే. కానీ రాదని ఆమె ముందు ఒప్పుకోలేదు. రేపు చేస్తానని ఫోన్ తీసుకుని, మర్నాడు సెలవైతే పటాన్‌చెరు పోయాను. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే ఒక ముస్లిం ఆయన నాకు ఎరుక. వాళ్ళ నాన్నా నేనూ ఒకే యార్డులో డ్రమ్ములు దొర్లించినవాళ్ళం. నన్ను చాచా అంటాడు. ఆ గదిలో చూసినదంతా చెప్పి, కొన్ని అరవడం ఏమిటి, కొన్ని అరవకపోవడం ఏమిటి అని అడిగాను.

“చాచా, గా మెసేజ్ నీ నంబర్ సూసి వచ్చేది కాదు. టవర్ చాటింపు ఏస్తది. ఆ టవర్ కింద ఎవలున్నా ఇనాలె. ఇనే చెవులు ఫోనుకు ఉండాలె, గంతే.”

“మరి మావాటికి చెవుల్లేవా?”

“డబ్బా ఫోన్లల్ల చానావాటికి లేవు. సిమ్ లేకుంట వైఫై మీద నడిచేటియి ఇనయి. స్విచ్చాఫ్ జేసినా, ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టినా ఇనయి. రేకుల షెడ్డుల సిగ్నల్ సచ్చిపోతే ఇనయి. కొన్ని మంచి ఫోన్లే ఉంటయి, ఏండ్లకేండ్లు అప్‌డేట్ జెయ్యరు.” అని, చెల్లెలి ఫోన్ తెరిచి లోపల ఎక్కడో ఒక పేజీ చూపించాడు. “ఇగ మిగిలినయి ఉంటయ్ సూడు, గవి మనిషే చెవులు మూసినయి. ఈడ.”

ఆ పేజీలో మెట్లు మెట్లుగా మీటలు ఉన్నాయి. అన్నిటికంటే పైన ఒకటి, అన్నిటికీ కలిపి. దాని కింద ఒక్కో రకం ప్రమాదానికి ఒక్కొక్కటి. అట్టడుగున పరీక్షలకు ఒకటి.

“అడుగుది ఆపుకుంటే ఆపుకో, ఫికర్ లేదు. పైది మాత్రం ముట్టకు చాచా. గా పైది ఆపితే అన్ని ఆగుతయి.”

అడుగుది ఆపి తెచ్చి ఇచ్చాను. చెల్లెలు సంతోషపడింది. కొన్ని నెలలకు మళ్ళీ పరీక్ష వచ్చింది. ఆమె ఫోన్ మళ్ళీ అరిచింది. పరీక్ష కూడా అసలు హెచ్చరిక దారినే పంపారు కాబోలు, అడుగు మీటను లెక్కచేయలేదు. ఈసారి సూపర్వైజరు నవ్వలేదట. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె గొంతు మారిపోయింది.

“గీ వయసుల నన్ను ఇంకెవలు పెట్టుకుంటరే అన్నా? నీతోని కాకుంటే కాదని చెప్పు.”

నీతోని కాకుంటే. ఆ మాటకు నాలో ఆ పాత మంట లేచింది. అక్కడికక్కడే ఫోన్ తెరిచి పై మీట నొక్కాను. కిందున్న మీటలన్నీ ఒక్కసారి రంగు పోయి బూడిదలా అయిపోయాయి. ముట్టవద్దని చెప్పింది అదేనని నాకు గుర్తుంది. గుర్తుండే నొక్కాను. ఎప్పుడో వచ్చే ప్రమాదం కంటే రేపు పొద్దున నిలబడే సూపర్వైజరు నాకు దగ్గరగా కనిపించాడు.

ఆ సంగతి వారంలో రెండు గేట్లకూ పాకింది. దాచుకుని పోయేవాళ్ళు వచ్చారు. టచ్ ఫోన్ నిజాయితీగా నాకే ఇచ్చేవాళ్ళు కూడా వచ్చారు, ఆ చప్పుడంటే గుండె దడ అని. ఫోన్లు ఇచ్చేటప్పుడే నొక్కి పెట్టేవాణ్ణి. “తాత ఇంజనీర్” అని పిలిచారు. ఎందుకు అబద్ధమాడాలి, నాకు బాగుండేది. ఒక కాగితం మీద గుర్తుకు పేర్లు రాసుకున్నాను. నలభై మూడు అయ్యాయి.

నా చిన్నప్పుడు ఈ వాగుకు టవర్ లేదు. ఎగువన వాన పడి నీళ్ళు దిగితే, అక్కడ బట్టలు ఉతికేవాళ్ళు రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఒక కేక వేసేవాళ్ళు. ఆ కేకను కింద గొర్లు కాసేవాడు అందుకునేవాడు, వాడి నుంచి పొలంలో ఉన్నవాడు. కేక నీళ్ళ కంటే ముందు మా ఊరు చేరేది. దాన్ని ఆపడానికి మీట లేదు. తరువాత ఒడ్డు పొడుగునా గోడలు లేచాయి, గోడల వెనక మోటార్లు మొదలయ్యాయి, కేక నడిచే దారి పోయింది. ఎవరూ ఆర్డరు వేసి ఆపలేదు, అడిగేవాళ్ళూ లేరు. వాగులోకి మాత్రం గోడల కింద నుంచి గొట్టాలు వచ్చాయి. నీళ్ళు వెచ్చబడ్డాయి. ఏ కాలంలో కాలు పెట్టినా గోరువెచ్చగా ఉంటాయి. ఇక ఎగువన వాన పడిందంటే చాలు, ఆ సందట్లో ఏ ఫ్యాక్టరీలో ఏం మురుగు నిలవ ఉందో అంతా వదిలేస్తారు, వాగు మీద తెల్లటి నురుగు లేస్తుంది. ఈ మాట నేను ఎన్నో అర్జీల్లో రాశాను. ఎక్కడున్నాయో ఆ అర్జీలు.

అసలు రోజు వానాకాలమే గానీ, మాకు వాన లేదు. ఎండ కాస్తోంది. రెండు దాటింది. చెల్లెలు రోజూలాగే కిటికీ దగ్గర ఆగి, నా చేతిలో రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో వాగు వైపు నడిచింది. పావుగంట అయిందేమో. గదిలో ఒక ఫోన్ అరిచింది.

ఒక్కటే.

మిగతావి అరుస్తాయని ఎదురుచూశాను. శరీరం అలా అలవాటు పడింది, ఒకటి మొదలైతే తక్కినవి అందుకోవాలి. అందుకోలేదు. నూటయాభై అరల్లో ఒకే ఒక్క గొంతు, చుట్టూ ఉన్నవాళ్ళంతా చెవిటివాళ్ళని తెలిసి కూడా అరుస్తున్న మనిషిలా. అది నాలుగు రోజుల కింద పనిలో చేరిన ఒక బీహారు అతనిది. అతనికి నా ఇంజనీరు పేరు ఇంకా తెలియదు.

తీసి చదివాను. ఎగువన భారీ వర్షం కురిసిందని, వాగులు ఉన్నట్టుండి పొంగుతాయని, నేలబారు వంతెనలు దాటవద్దని తెలుగులోనే ఉంది. పరీక్ష అన్న మాట కోసం వెతికాను. లేదు.

చెల్లెలు ఇంటికి పోయే దారిలో ఉన్నది అలాంటి నేలబారు కల్వర్టే. నా డబ్బా ఫోన్ నుంచి ఆమెకు చేశాను. రింగు పోతోంది. ఆమె ఎత్తదు, సంచిలో రొట్టెల గుడ్డ కింద సైలెంట్‌లో ఉంటుంది. ఆ ఫోనుకు వినబడవలసిన చాటింపు కూడా ఇప్పుడే, ఆమె చంకలోనే, వచ్చి పోయి ఉంటుంది.

గేటు దగ్గర కాపలా ఉండే ఉత్తరాది భాయితో గది చూడమని చెప్పాను. “చాచా, కహాఁ జా రహే? డ్యూటీ హై నా!” అని, ఎక్కడికి పోతున్నావని అరిచాడు. ఆ బీహారు అతని ఫోన్ నా చేతిలోనే ఉంది. ఇంకొకరి ఫోన్ గది దాటించడం దొంగతనమే. కానీ ఎండలో నిలబడి వరద వస్తోందంటే ఈ ముసలోణ్ణి ఎవరు నమ్ముతారు? చదివించడానికి తీసుకుపోయాను. నా మోకాళ్ళతో ఎంత వేగంగా పోవచ్చో అంత వేగంగా పోయాను.

వాగు దగ్గర నీళ్ళు కనబడలేదు. కల్వర్టు కూడా కనబడలేదు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా నురుగు, ఛాతీ ఎత్తు, దూది పరిచినట్టు. ఎండ పడి మెరుస్తోంది. ముగ్గిపోయిన పండు వాసన. అన్నిటికంటే వింత ఏమిటంటే చప్పుడు లేదు. నీళ్ళు పారుతుంటే చప్పుడు ఉండాలి. ఆ నురుగు దాన్ని మింగేసింది. ఒడ్డున పదిహేను మంది నిలబడి ఉన్నారు, అందరి చేతుల్లో ఫోన్లు, నురుగును వీడియో తీస్తున్నారు. వాళ్ళలో కనీసం ఐదుగురి ఫోన్లు నా కాగితంలోవి. ముఖాల ముందు పట్టుకుని చూస్తున్నారు. ఒక్కటీ ఏమీ చెప్పడం లేదు.

నురుగులో సగం దూరంలో నాలుగు తలలు కదులుతున్నాయి. ముందు మా చెల్లెలు. ఇలాంటి రోజుల్లో వాళ్ళు దాటే పద్ధతి ఒకటి ఉంది. ముందు నడిచేది ఆమె. కల్వర్టు అంచున పాతిన రాళ్ళను కుడికాలితో తడుముతూ పోతుంది, ఆమె కొంగు పట్టుకుని ఒకామె, ఆ ఒకామె కొంగు పట్టుకుని ఇంకొకామె. ఏళ్ళుగా అలాగే దాటుతున్నారు. నురుగంటే వాళ్ళకు భయం లేదు, రాళ్ళు కాలికి తగులుతున్నంతవరకు.

“చెల్లే! ఎనకకు రా! నీళ్ళొస్తున్నయ్!”

నా గొంతు ఆ నురుగులో పడిపోయింది. ఒడ్డున ఉన్న ఒకతను నవ్వాడు. “తాతా, వానెక్కడున్నదే? ఎండకు తల తిరిగిందా?”

ఫోన్ అతని ముఖం మీదికి పెట్టాను. చదివాడు. తన ఫోన్ చూసుకున్నాడు. “నాదాంట్ల ఏం రాలే గద” అన్నాడు. చెప్పులు విడిచి దిగాను.

ఛాతీ వరకు నురుగు. నా చేతులు నాకు కనబడలేదు. కాలి కింద సిమెంటు ఉంది, దాని మీద మడమ లోతు నీళ్ళు. అంతే కదా అనుకున్నాను. పది అడుగులు వేసేసరికి పిక్కల దాకా వచ్చాయి. కేక వేస్తూ పోయాను. చెల్లెలు తల తిప్పింది.

“ఏంది అన్నా నీ లొల్లి? రోజు ఉండేదే గద నురుగు! చేతుల ఎవలిది గా ఫోన్? ముసలితనంల దొంగతనం మరిగినవా?”

వెనకున్న ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో చెల్లెలు ఆగిపోయింది. ఆమె ముఖం మారడం చూశాను. నా వైపు చూడటం లేదు. కిందికి, కనబడని తన కాళ్ళ వైపు చూస్తోంది.

“సల్లగైనయ్,” అంది.

నాకూ అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళుగా గోరువెచ్చగా ఉన్న వాగు, నా పాదాల మీది నుంచి మంచులా పోతోంది. అది ఇక్కడి నీరు కాదు. కొత్త నీరు, ఎక్కడో పడిన వాన, నురుగు కింద దాక్కుని, చప్పుడు చేయకుండా వచ్చేసింది.

“తిరుగున్రి,” అంది చెల్లెలు, గొంతు పెంచకుండా. “కొంగులు ఇడువకున్రి. ఆఖరామె ముందు నడువు. అన్న చెయ్యి పట్టుకో. రాళ్ళు ఎడమకు ఉంటయ్ ఇప్పుడు, ఎడమకు.”

తిరిగి వచ్చిన ఆ దూరం ఎంతో నేను చెప్పలేను. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. ఒకామె టిఫిన్ సంచి జారింది, నురుగులోకి పోయింది, పడిన చప్పుడు కూడా వినబడలేదు. ఒడ్డున ఫోన్లు పట్టుకున్నవాళ్ళే అవి జేబుల్లో పెట్టి చేతులు అందించారు. చివర వచ్చింది చెల్లెలు. ఆమె ఒడ్డెక్కిన కాసేపటికి, ఆ నురుగంతా ఒక్క ముక్కగా, మంచం మీది దుప్పటిని ఎవరో లాగినట్టు, కుడివైపుకు కదిలింది. దాని కింద ఎర్రటి నీళ్ళు కనబడ్డాయి. చప్పుడు అప్పుడు వచ్చింది. కల్వర్టు లేదు, రాళ్ళు లేవు. ఎండ మాత్రం అలాగే కాస్తోంది.

చెల్లెలు నేల మీద కూర్చుని సంచి విప్పింది. రొట్టెల గుడ్డ కింది నుంచి ఫోన్ తీసి చూసింది. నా చేతిలోని ఫోన్ చూసింది.

“గా ఫోన్ మొత్తుకున్నది గద. ఇదెందుకు మొత్తుకోలే అన్నా?”

“నేనే ఆపిన గద, చెల్లే. నువ్వే ఆపుమన్నవ్.”

“సీసాల కాడ ఒర్లకుంట ఆపుమన్న. సచ్చే కాడ గూడ ఆపుమన్ననా?”

పక్కనున్నామె చెల్లెలి భుజం పట్టుకుంది. రెంటికీ మీట ఒకటేనని ఏ నోటితో చెప్పను? అక్కడే, తడి వేళ్ళతో, ఆమె ఫోన్ పై మీట తెరిచాను. బూడిదగా ఉన్నవి ఒక్కొక్కటే రంగు తెచ్చుకున్నాయి. ఒడ్డున ఉన్న ఐదుగురివీ తెరిచాను.

మర్నాటి నుంచి చెల్లెలు టచ్ ఫోన్‌నే తీసుకుపోయి తమ గేటులో ఇస్తోంది, డబ్బాది ఇంట్లో పారేసింది. నేను ఇంకొకరి ఫోన్ గది దాటించినందుకు మేనేజరు పిలిచాడు. జరిగింది చెప్పి ఒక మాట అడిగాను. ఫోన్లు మా దగ్గర పెట్టించుకుంటున్నారు, సరే. అలాంటప్పుడు గేటు దగ్గర ఒక మంచి ఫోన్ ఎప్పుడూ తెరిచి ఉంచండి, అది అరిస్తే సైరన్ వేయండి, షిఫ్టు మారేటప్పుడు వేసే కూత కాకుండా వేరే కూత. మనుషుల చెవులు మీరు పెట్టెలో పెట్టి తాళం వేసినప్పుడు, వినే బాధ్యత మీదే కదా అన్నాను. చూద్దామన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఈలోగా ఆ బీహారు అతని ఫోన్‌ను అతని అనుమతితోనే నా బల్ల మీద నా ఎదురుగా పెట్టుకుంటున్నాను.

కాగితం ముందు పెట్టుకుని మిగతావాళ్ళను ఒక్కొక్కరినే ఆపి అడిగాను. కొందరు వెంటనే ఇచ్చారు. కొందరు, “వద్దు తాతా, ఒర్లితే నౌకరి పోతది, వరద ఎప్పుడో గాని రాదు” అన్నారు. వాళ్ళతో పోట్లాడాను, బతిమాలాను, ఫోన్ నాకే ఇచ్చి పొమ్మన్నాను. దాచుకుని పోతానంటే బిళ్ళ ఇవ్వనన్నాను. అలా మొత్తం నలభై తెరిచాను. మూడు మిగిలాయి. వాళ్ళు కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయారు. ఎక్కడికని కాంట్రాక్టరును అడిగితే, “పని ఎక్కడుంటే అక్కడ ఉంటరు, నాకేం ఎరుక” అన్నాడు. ఎంత అడిగినా ఇద్దరి నంబర్లు దొరకలేదు. మూడో అతని నంబరు, అతనితో కలిసి ఒకే గదిలో కిరాయికి ఉన్నవాడి దగ్గర దొరికింది.

చేశాను. ఎత్తాడు. నేను ఎవరో చెప్పాను, నాకు వచ్చిన హిందీలో. గేటు చాచాను అన్నాను. ఫోన్లో సెట్టింగ్స్‌లోకి పో, నేను చెప్పిన చోట పై బటన్ ఆన్ చెయ్యి అన్నాను.

చివరిదాకా విన్నాడు. తరువాత నవ్వాడు.

“ఫిర్ ఓటీపీ భీ మాంగేగా క్యా, బుడ్ఢే?” ఇక ఓటీపీ కూడా అడుగుతావా ముసలోడా అని.

కాదు నాయనా, నీ ప్రాణానికి సంబంధించిన సంగతి అన్నాను. అలా అనకూడదని అన్నాక తెలిసింది. మోసం చేసేవాళ్ళందరూ మొదలుపెట్టేది ఆ మాటతోనే అట. పెట్టేశాడు. మళ్ళీ చేస్తే రింగు పోలేదు. చెల్లెలి ఫోన్ నుంచి చేశాను. నా గొంతు వినగానే పెట్టేశాడు. తరువాత ఆ నంబరు నుంచి కూడా రింగు పోవడం మానేసింది.

ఎక్కడున్నావని అడిగే వీలు కూడా ఇవ్వలేదు. పెట్టేసే ముందు అతని వెనక నీళ్ళ చప్పుడు వినబడింది. అది కుళాయిదో, వానదో నాకు తెలియలేదు.